తెచ్చినవి, తీసుకుపోయినవి

కారేపల్లి,
సెప్టెంబర్ 8

చిరంజీవి జయప్రకాశ్‌కు అక్కయ్య ఆశీస్సులు.

ఫోన్ చేస్తే "బాగానే ఉన్నానక్కా" అంటావు. తర్వాత ఇద్దరం ఊరుకుంటాం. కాగితం మీద అట్లా ఊరుకోవడం కుదరదని ఈ ఉత్తరం.

రాజ్యశ్రీ వెళ్ళిపోయి ఏడు నెలలైంది. ఈ వేళ పూజ అయ్యాక దీపం ముందు కూర్చుంటే, పోయిన కార్తీకంలో నేను మీ నల్లమడుగుకు వచ్చిన ఉదయం గుర్తుకొచ్చింది. పెద్ద విశేషమున్న రోజేం కాదు. మామూలు సోమవారం.

భద్రాచలంలో గోదావరి స్నానం, స్వామి దర్శనం చేసుకుని మొదటి బస్సు ఎక్కాను. మీ మలుపు దగ్గర దిగేసరికి ఏడున్నర. మడుగు మీద మంచు ఇంకా లేవలేదు. పిట్టల సంరక్షణ కేంద్రం గేటు ముందు కమ్లి ఊడుస్తోంది. నన్ను చూసి చీపురు ఆపి, "ఎర్రచీర గట్టుకొచ్చినవేందమ్మా, పిట్టలన్నీ లేసిపోతయ్" అంది. లోపలినుంచి రాజ్యశ్రీ నవ్వు వినిపించింది. మందులకు జుట్టంతా రాలి, తలకు ఊలు టోపీ పెట్టుకుని ఉంది. తన ఆకుపచ్చ శాలువా తెచ్చి నాకు కప్పి, "ఇక్కడ పిట్టలే అత్తగార్లు వదినా. వాళ్ళకు నచ్చినట్టే ఉండాలి" అంది.

తర్వాత పుస్తకం నా ముందు పెట్టింది. నేను ఇంటి మనిషినే కదా అన్నాను. "నీ తమ్ముడైనా రాయాల్సిందే" అంది. పేరు, ఊరు, తెచ్చినవి, తీసుకుపోయినవి. ఎవరో బడిపిల్లలు పువ్వు బాగుందని ఒక్క గుర్రపుడెక్క మొక్క తెచ్చి నీళ్ళలో వేస్తే, దాన్ని పీకడానికి ఊరందరికీ మూడేళ్ళు పట్టిందట. అప్పటినుంచే ఈ పుస్తకమట. నా చేతిలో స్టీలు పాలక్యాను ఉంది. తెచ్చినవి అన్న గడిలో "పాలు" అని రాశాను. కమ్లి టీ పెడతానని క్యాను కోసం చెయ్యి చాపింది. గంగమ్మకు పోయడానికని చెప్పి, నేనొక్కదాన్నే గట్టు చివరిదాకా నడిచి వచ్చాను.

తిరిగి వచ్చేసరికి రాజ్యశ్రీ గట్టు మీద కుర్చీ వేసుకుని లెక్కపెడుతోంది. ఒళ్ళో రెండు డబ్బాలు. పది పిట్టలకు ఒక చింతగింజ, ఈ డబ్బాలోంచి ఆ డబ్బాలోకి. నా జపమాల కన్నా ఆ గింజలే నిదానంగా కదిలాయి. ఒక మునుగుడు కోడిని చూపించింది. గుప్పెడంత పిట్ట. వీపు మీద రెండు పిల్లలు ఎక్కి కూర్చుని రెక్కల మధ్యనుంచి తలలు బయటపెట్టి చూస్తున్నాయి. "మొయ్యగలిగినన్నాళ్ళు మోస్తుంది. తర్వాత దులిపేస్తుంది" అంది.

ఈ ఏడు ఆ పిట్టలు పిల్లలు చేశాయా? తల్లి వీపు మీద ఎక్కాయా? అది రాయి చాలు.

నీ అక్క,
నిర్మల


నల్లమడుగు,
సెప్టెంబర్ 19

అక్కయ్యకు నమస్కారం.

నీ ఉత్తరం అందింది. అన్నం తింటున్నాను. కమ్లి వండి పెట్టి, తినేదాకా గడపలో కూర్చుంటోంది. అమ్మాయి హర్షిత పాల్వంచ బడిలో ఉద్యోగంలో కుదురుకుంది. శనివారం వచ్చి ఆదివారం వెళుతుంది. లెక్క నేను పెడుతున్నాను, అదే కుర్చీ, అవే గింజలు.

పిల్లలు ఎక్కాయా అని అడిగావు. ఎక్కాయి. తొమ్మిది జతలు గూళ్ళు కట్టుకున్నాయి. ఆగస్టు చివరికి ఇరవై ఆరు పిల్లలు. పోయిన ఆదివారానికి నాలుగే మిగిలాయి. మొదట పాములనుకున్నాం. తర్వాత నేనే కళ్ళారా చూశాను. తల్లి వెనక ఈదుతున్న పిల్ల ఉన్నచోటే లోపలికి పోయింది. చప్పుడు లేదు, నీళ్ళు చెదరలేదు. తల్లి ఆ చుట్టే తిరిగింది. సాయంత్రం దాకా వీపు దించుకుని తిరిగింది.

మర్నాడు వల వేయించాం. మూరెడు పొడుగున నల్లటి చేప పడింది. బల్లపరుపు తల, మీసాలు. దాని వెనక వేలెడు వేలెడువి లెక్కలేనన్ని. చేపల సంగతి తెలిసినాయన వచ్చి చూసి, ఇది ఆఫ్రికా క్యాట్‌ఫిష్ అన్నాడు. పెంచకూడదని సర్కారే నిషేధించిందట. కప్ప, చేపగుడ్డు, పిట్టపిల్ల, ఏదైనా మింగేస్తుంది. నీళ్ళు ఎండితే బురదలో దూరుతుంది. ఒక మడుగులోంచి ఇంకో మడుగుకు నేల మీద పాకుతుంది. చావదు. మన కొర్రమీను, జెల్ల, పరక ఇప్పటికే సగం పోయి ఉంటాయన్నాడు.

చుట్టుపక్కల మడుగుల్లో ఇది ఎక్కడా లేదట, కాబట్టి తనంతట తాను వచ్చింది కాదు. ఎవరో వేశారు. ఊరంతా జంపయ్య వేపు చూస్తోంది. మంగళ, శుక్రవారాలు తూర్పు వేపున వల వేసుకునే హక్కు వాళ్ళ తాతల నాటినుంచి వాళ్ళది. పోయినేడు మడుగు కమిటీ మీటింగులో ఇక్కడ చేపపిల్లలు పోద్దామని అడిగింది అతనే. "పిట్టలకేనా కడుపులు, మాకు లేవా" అన్నాడు. అప్పుడు అందరూ నవ్వారు. ఇప్పుడు ఆ మాటే పట్టుకున్నారు.

నిజం తేలేదాకా జంపయ్య పడవ నీళ్ళలో దిగకూడదని కమిటీ తీర్మానం చేసింది. అధ్యక్షుడు మంగయ్య చెప్పాడు. కార్యదర్శిని కాబట్టి నేను రాశాను.

బావగారి మోకాలు ఎట్లా ఉంది?

జయప్రకాశ్


కారేపల్లి,
సెప్టెంబర్ 30

జయప్రకాశ్‌కు,

బావగారి మోకాలు అట్లాగే ఉంది. వాన పట్టినప్పుడు మంచం దిగలేరు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పిల్ల లోపలికి పోయిందన్న దగ్గర ఆగిపోయాను. రాజ్యశ్రీ లేకపోవడమే మంచిదైందని మొదటిసారి అనిపించింది. అట్లా అనిపించినందుకు దేవుడి ముందు తల వంచుకున్నాను.

కొన్ని అడగాలి. మన మార్పు చేపకూ మీసాలుంటాయి కదా. ఇది అది కాదని ఎట్లా తెలుస్తుంది? పాత తూము దగ్గరేనా ఎక్కువ పడుతున్నది? కమిటీవాళ్ళు పుస్తకం చూశారా? ఎవరేం తెచ్చారో రాసి ఉంటుంది కదా.

జంపయ్య ఏమంటున్నాడు? అతనికి పిల్లలెంతమంది?

అక్క


నల్లమడుగు,
అక్టోబర్ 14

అక్కయ్యకు,

మీసాలు రెండింటికీ ఎనిమిదే. కానీ మన మార్పు జానెడు దాటదు. ఇది మూరెడవుతుంది, ఇంకా పెరుగుతుంది. సంతలో మార్పు అని చెప్పి దీన్నే అమ్ముతారట. అవును, పాత తూము దగ్గరే ఎక్కువ.

పుస్తకం చూశారు. అందులో ఏమీ దొరకలేదు. పోయిన కార్తీకంలోవి కొన్ని పేజీలు వానకు తడిసి పోయాయి.

జంపయ్యకు ఇద్దరు ఆడపిల్లలు. పోయిన వారం మీటింగుకు అతన్ని పిలిపించారు. కూర్చోమంటే కూర్చోలేదు. "నేను ఏసిన్నంటున్నరు. ఏయలె. మీ పుస్తకంల నా పేరుంటే జూపిండ్రి" అన్నాడు.

"నీకు పుస్తకమేందిరా, నీకు గేటే లేదాయె. ఈ గట్టుమీద పుట్టినోడివి" అన్నాడు మంగయ్య.

"గట్టుమీద పుట్టినోడు మడుగు నోట్ల మన్ను గొడ్తడా, మంగన్నా? నేను అడిగింది బొచ్చె చేప పిల్లలు. అడిగినోడు దొంగతనంగ ఎందుకేస్తడు?"

జంపయ్య నా వేపు చూశాడు. నేను మీటింగు పుస్తకంలో తేదీ రాసుకుంటున్నాను.

రెండు రోజులకు అతని భార్య పిచ్చమ్మ వచ్చింది. గేటు బయటే నిలబడింది. "అన్నా, నువ్వొక్క మాట జెప్పు. నువ్వు జెప్తె ఇంటరు" అంది. చూస్తానమ్మా అన్నాను. ఆమె వెళ్ళలేదు. ఇంకేమన్నా అంటానేమోనని చాలాసేపు నిలబడింది.

నీకు చెప్పానో లేదో, పోయినేడు వరదకు రోడ్డు మునిగినప్పుడు రాజ్యశ్రీని ఆసుపత్రి దారిదాకా నాలుగుసార్లు పడవలో దాటించింది జంపయ్యే. చివరిసారి ఆమెకు వాంతులవుతుంటే తెడ్డు ఆపి తన తువ్వాలు తడిపి ఇచ్చాడు. ఏమన్నా ఇవ్వబోతే, "అమ్మ నా పడవ ఎక్కింది గదా సారు, పిట్టలన్నీ నన్ను గుర్తుపడ్తయ్ ఇగ" అన్నాడు.

ఈ సోమవారం అతను లోడింగు పనికని పాల్వంచ వెళ్ళిపోయాడు. పడవ గట్టు మీద బోర్లించి ఉంది. దాని కింద కమ్లి కోళ్ళు పడుకుంటున్నాయి.

ఇంకా ఏమన్నా అడగాలని ఉంటే అడుగు అక్కా. చెప్పాలని ఉన్నా రాయి.

జయప్రకాశ్


కారేపల్లి,
నవంబర్ 4

తమ్ముడూ,

ఈ వేళ కార్తీక సోమవారం. స్నానం చేశాను, దీపం పెట్టాను. జపానికి కూర్చుంటే సాగలేదు. పూస పూసకూ జంపయ్య వచ్చాడు. లేచి ఈ కాగితం తీశాను.

ఆ క్యానులో ఉన్నవి పాలు కాదు. చేపలు. ఐదు.

పోయినేడు రాజ్యశ్రీ స్కానింగు కాగితాలు పట్టుకుని బావగారు, నేను ఖమ్మం వెళ్ళాం. డాక్టరు మూడు నెలలన్నాడు. మేము నీకు ఏడాది అని చెప్పాం. అదీ నీకు ఇప్పుడే తెలుస్తున్నది. బయటికి వచ్చాక బావగారు మందుల షాపుకు వెళ్ళారు. నేను చేపల బజారు పక్కన నిలబడ్డాను. ప్రాణం పోయేవాళ్ళ పేర ఒక ప్రాణాన్ని విడిపిస్తే స్వామి ఆ లెక్క చూస్తాడని మన నాయనమ్మ అనేది. ఆమె చిలకలను విడిపించేది.

తట్టలన్నింటిలో చేపలు చచ్చి ఉన్నాయి. ఒక టబ్బులో మాత్రం నీళ్ళు లేకపోయినా నల్లటివి కదులుతున్నాయి. ఏం చేపలని అడిగాను. "మార్పులేనమ్మా. వీటికి నీళ్ళు లేకున్నా నడుస్తది. రేపటిదాక చావయ్" అన్నాడు. ఆ మాట నాకు దేవుడు అన్నట్టు వినిపించింది. చావని వాటికోసమే కదా నేను నిలబడి ఉన్నది. పంచప్రాణాలకు ఐదు ఏరి ఇవ్వమన్నాను. చావు తెలిసిన చేపను తీసుకుని ఉంటే ఇంత జరిగేది కాదు.

పాత తూము మెట్ల మీద కూర్చుని ఒక్కొక్కటి వదిలాను. ఒకటి జారి మెట్టు మీద పడింది. చెయ్యి వేయకముందే తనంతట తాను పాకి నీళ్ళలోకి వెళ్ళింది. దండం పెట్టుకున్నాను. నా మరదలికి ఈ ప్రాణం ఇయ్యి స్వామీ అన్నాను.

మొక్కు తీరేదాకా బయటికి చెబితే ఫలించదంటారు. అందుకే పాలు అని రాశాను. రాజ్యశ్రీ పుస్తకంలో, రాజ్యశ్రీ కలంతో, రాజ్యశ్రీ ముందు. పుస్తకం ఎందుకు పెట్టారో ఆమె చెప్పాక రాశాను.

మాఘంలో ఆమె పోయింది. మొక్కు ఫలించలేదు కాబట్టి చెప్పడానికి అడ్డమేమీ లేదు. అయినా చెప్పలేదు. ఐదు చేపలే కదా అనుకున్నాను. నీ సెప్టెంబరు ఉత్తరం వచ్చినప్పుడు తెలిసింది. తెలిసీ ఐదు వారాలు ఊరుకున్నాను. మార్పుకూ మీసాలుంటాయి కదా అని అడిగింది తెలియక కాదు. తప్పించుకునే దారి ఉందేమోనని.

ఆ ఇరవై రెండు పిల్లలూ నా చేతి మీదుగా పోయాయి. ఇద్దరు పిల్లల తండ్రి ఊరు విడిచాడు. మంగయ్యగారికి ఈ ఉత్తరం చూపించు. నేను వచ్చి చెబుతాను. ఎప్పుడు రమ్మంటావో రాయి. నన్ను ఏమన్నా అనాలనిపిస్తే అది కూడా రాయి.

నిర్మల


నల్లమడుగు,
నవంబర్ 15

అక్కా,

నీ ఉత్తరం వచ్చి వారమైంది. మంగయ్యకు చూపించలేదు. ఎందుకు చూపించలేదో చెప్పాలంటే నేనూ మొదటినుంచి చెప్పాలి.

నాకు తెలుసు. రాజ్యశ్రీకీ తెలుసు.

ఆ ఉదయం ఆమె బైనాక్యులర్ తూము వేపు తిప్పింది. నీటికోళ్ళను చూద్దామని తిప్పితే నువ్వు కనపడ్డావట. నువ్వు వెళ్ళాక నాతో చెప్పింది. "వదిన చేపలు వదిలింది. నా మీద మొక్కు అయ్యుంటుంది. కొర్రమీనులో, మార్పులో, మన నీళ్ళలోవే కదా. అడక్కు. అడిగితే ఆమె మొక్కు చెడిపోతుంది." నేను పుస్తకం సంగతి ఎత్తితే, "ఒక్క రోజుకు ఉండనీ" అంది. నీకు తెలుసు కదా, ఆమె ఎవరికీ ఆ పుస్తకంలో ఒక్క గడి వదిలేది కాదు. నీకు వదిలింది. తర్వాత కాస్త తేలిగ్గా ఉన్న రోజుల్లో, "వదిన చేపలు ఈదుతున్నాయి ఇవ్వాళ" అనేది.

సెప్టెంబరులో వలలో ఆ చేప పడ్డప్పుడు గట్టు మీద పదిమందిమి ఉన్నాం. అది ఎక్కడినుంచి వచ్చిందో నాకొక్కడికే తెలుసు. మంగయ్య పుస్తకం చూద్దామన్నాడు. నేను ముందుగా లోపలికి వెళ్ళాను. నీ పేరు పక్కన పాలు అని చదివితే కమ్లికి ఆ క్యాను గుర్తొస్తుందని ఆ పేజీ చింపాను. వానకు తడిసిందని చెప్పాను. తర్వాత కూర్చుని జంపయ్య మీద తీర్మానం రాశాను. నా చేతిరాత బాగుంటుందని అందరూ అంటారు.

ఆ పేజీ చింతగింజల డబ్బాలో ఉంది. రోజూ లెక్క పెట్టేటప్పుడు వేలికి తగులుతుంది.

నిన్ను కాపాడుతున్నానని నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కాదు. ఆమె చివరి రోజుల్లో నవ్విన ఉదయాలు కొన్నే ఉన్నాయి. అందులో ఒకటి అది. దాని మీద ఊరంతా చెయ్యి వేసి చూడటం నాకు ఇష్టం లేకపోయింది. అందుకని జంపయ్యను పంపించేశాను. నువ్వు తూము పేరెత్తి అడిగినప్పుడు నీకూ తెలుసని అర్థమైంది. నేను నా ఉత్తరంలో తూము అని ఎక్కడా రాయలేదు. అయినా మళ్ళీ అబద్ధమే రాశాను. నువ్వు చెబుతావని చూశాను. నువ్వు చెప్పావు. నేను చెప్పలేదు.

మొన్న హర్షితకు పాల్వంచ బస్టాండులో జంపయ్య కనపడ్డాడట. భుజం మీద గోనెసంచి మడత. "మీ నాయన తింటుండా బిడ్డా?" అని అడిగాడట. ఆ మాట చెప్పి ఈ పిల్ల నా మొహంలోకి చూసింది. అప్పుడే దానికంతా చెప్పాను. అప్పటినుంచి నాతో మాట్లాడటం లేదు. ఈ ఉత్తరం దాని చేతికే ఇచ్చి పంపుతున్నాను.

ఇంకో సంగతి. ఈ చేపను వలతో తియ్యలేం. మడుగు మొత్తం తోడేసి, బురద చేత్తో కెలికి, ఒక్కొక్కటి ఏరాలి. తర్వాత వేసవంతా ఎండబెట్టాలి. ఈ ఏడు పిట్టలు రావు. వచ్చే ఏడు వస్తాయో రావో. తోడే లోపల మన చేపలను ఎక్కడన్నా బతికించుకోవాలి. తూము కింద పల్లంలో ఉన్నది మన మూడెకరాలే. అది నీదీ నాదీ కలిసి ఉన్న భూమి. మీ అబ్బాయి సాయికిరణ్ దాన్నే నమ్ముకుని నారు పోశాడు. బావగారిని, వాణ్ణి అడక్కుండా నేను ఏమీ అనలేను. అడగడానికి నాకు మొహం లేదు. నువ్వే అడుగు.

జయప్రకాశ్


కారేపల్లి,
నవంబర్ 19

తమ్ముడూ,

నిన్న సాయంత్రం ఇంట్లో ఏమనుకున్నామో రాస్తున్నాను. అంతకుముందు ఒక్క మాట. రాజ్యశ్రీ చూసిందన్న మాట మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను. నేను దాచాననుకున్నదాన్ని నా తరఫున ఆమె దాచిపెట్టింది. ఆ రోజు నాకు శాలువా కప్పినట్టే నా తప్పునూ కప్పింది.

దీపాలు పెట్టాక అందరినీ వసారాలో కూర్చోమన్నాను. బావగారు, మా సాయికిరణ్, ఉత్తరం తెచ్చిన హర్షిత. నేను నీకు ఏం రాశానో చెప్పాను. నీ ఉత్తరం పైకి చదివాను. చేతిరాత బాగుంటుందని నువ్వు రాసిన దగ్గర కాగితం హర్షిత చేతికిచ్చాను. మిగిలింది తను చదివింది.

బావగారు మోకాలు రాసుకుంటూ కూర్చుని, "నువ్వూ దేవుడూ మాట్లాడుకునేవి నాకెందుకులే అనుకునేవాణ్ణి. ఇకనుంచి ముందు నాకు చెప్పు, తర్వాత ఆయనకు" అన్నారు. ఎవరూ నవ్వలేదు. ఆయనా నవ్వలేదు.

హర్షిత నన్నే చూస్తూ అంది, "అమ్మ పేరు అడ్డం పెట్టుకుని మీరిద్దరూ మంచివాళ్ళయ్యారు అత్తా. జంపయ్య బాబాయ్ ఒక్కడే చెడ్డవాడయ్యాడు." నిజమేనమ్మా అన్నాను. అప్పుడు ఏడ్చింది. వాళ్ళమ్మ పోయినప్పుడు కూడా ఆ పిల్ల నా ఒళ్ళో అట్లా ఏడవలేదు.

భూమి సంగతి నేనే ఎత్తాను. సాయికిరణ్ లేచి వాకిట్లోకి వెళ్ళాడు. నారు పోసి పద్దెనిమిది రోజులు. వాడు వారానికి రెండు రోజులు అక్కడే పడుకుని చూసుకున్న మడి. మేము వాణ్ణి పిలవలేదు. తిరిగి వచ్చి గుమ్మంలో నిలబడి, "కొర్రమీనుకు ఎంత లోతు కావాలో మామయ్యను రాయమను. ఇప్పుడున్న గట్లు ఆగవు. ఎత్తు పెంచాలి" అన్నాడు. అదే వాడి ఒప్పుకోలు.

కాబట్టి ఈ యాసంగి మనం నాటు వెయ్యం. నారు పిట్టలకే వదిలేస్తాం. మూడెకరాల్లో మడుగు నీళ్ళు నిలబెట్టి మన చేపలను అందులో పెడతాం. మళ్ళీ వానలు పడేదాకా ఆ నేల మనది కాదు. బావగారు రాలేరు. సాయికిరణ్ వచ్చి గట్లు వేస్తాడు. నేను అక్కడే ఉండి బురదలో దిగుతాను. వద్దని చెప్పకు. నా చేత్తో వదిలినవి నా చేత్తో తియ్యాలి. ఐదింటినైనా.

మాఘంలో రాజ్యశ్రీ సంవత్సరీకం నాటికి మడుగు ఎండి నెర్రెలు వారి ఉంటుంది. పిట్ట ఉండదు. భద్రాచలంలో చేద్దామనుకున్నాం కదా, వద్దు. ఆ గట్టు మీదే, ఆ ఖాళీ ముందే చేద్దాం. ఆమెకు కూడా తెలియాలి.

ఇవన్నీ తర్వాతవి. మొదటిది హర్షిత చెప్పింది, అందరం ఒప్పుకున్నాం. ముందు కమిటీ దగ్గరికి కాదు, జంపయ్య దగ్గరికి. అతన్ని పిలిపించకూడదు, మనమే వెళ్ళాలి. వచ్చే వారం గురువారం పొద్దున్న నువ్వు పాల్వంచ బస్టాండుకు రా. హర్షిత అతని కిరాయి గది కనుక్కుంది. అతను తిడితే వింటాం. తలుపు వేసుకుంటే బయట కూర్చుంటాం. అతను వస్తానంటేనే ఊళ్ళో మీటింగు. మడుగు ఎట్లా తోడాలో, ఎవరు ఎక్కడ దిగాలో అతను చెప్పినట్టే. రానంటే, మనిద్దరం వెళ్ళి మంగయ్యగారి ముందు చెప్పి వద్దాం. ఆ తీర్మానం రాసిన చేత్తోనే నువ్వు ఇంకొకటి రాయి.

డబ్బాలోని ఆ పేజీ తీసుకురా. పాలు అన్న మాట కొట్టేసి, ఐదు చేపలు అని జంపయ్య ముందు రాస్తాను. పక్కన తీసుకుపోయినవి అన్న గడి ఆ రోజు ఖాళీగా వదిలి వచ్చాను. అందులో ఏం రాయాలో అతన్నే అడుగుతాను. ఏది చెబితే అది రాస్తాను.

అక్క